చిత్తూరు నాగయ్య: గొంతు తగ్గించి పాడిన పెద్దమనిషి



మొన్న బడిలో జరిగిన ఒక చిన్న సంగతితో ఈ ప్రసంగం మొదలుపెడతాను. మాది సరిహద్దు బడి. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లల్లో ఒకడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, ఇంకొకడు తమిళం మాట్లాడతాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇద్దరూ రెండూ కలిపేసి మాట్లాడుకుంటారు. ఏడో తరగతికి వేమన పద్యాలు చెబుతూ, "సినిమాలో వేమన వేషం వేసిన నాగయ్యగారు ఎవరో మీలో ఎవరికైనా తెలుసా?" అని అడిగాను. కాసేపు ఎవరూ నోరు మెదపలేదు. చివరికి వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "నాగేషా సార్?" అన్నాడు. తమిళ సినిమాల్లో హాస్యనటుడు నాగేష్ వాడికి తెలుసు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత నాగయ్యగారి బొమ్మ చూపిస్తే ముందు వరసలోని ఒక అమ్మాయి, "ఈ తాతా! మా అవ్వ చూసే పాత సినిమాల్లో ఎప్పుడూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ఉంటాడే, ఆయనా?" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆ పిల్లకు ఆయన ముఖం తెలుసు, పేరు తెలియదు. కళ్ళనీళ్ళు తెలుసు, పాట తెలియదు. తప్పు పిల్లలది కాదు. చెప్పవలసిన మేము చెప్పలేదు. అందుకని ఈనాటి ప్రసంగంలో చిత్తూరు వి. నాగయ్యగారి జీవితాన్ని, ముఖ్యంగా నాటకం నుంచి సంగీతానికీ, సంగీతం నుంచి దర్శకత్వానికీ ఆయన నడిచిన దారిని మీ ముందు పెడతాను. ఆయన మనకు ఎంత దగ్గరివారో కూడా మనవి చేస్తాను.

ముందు ఆ పేరులోని ఊరి సంగతి చూద్దాం. నాగయ్యగారు పుట్టింది చిత్తూరులో కాదు. 1904 మార్చి 28న రేపల్లెలో పుట్టారు. ఇంటిపేరు ఉప్పలదడియం. అయినా లోకం ఆయన్ని చిత్తూరు నాగయ్య అనే పిలిచింది. కారణం, ఆయన్ని కళాకారుడిగా నిలబెట్టింది చిత్తూరు. మనిషి పుట్టిన ఊరు ఒకటి, ఆ మనిషిలోని కళ పుట్టిన ఊరు ఒకటి కావచ్చు. నాగయ్యగారి విషయంలో ఆ రెండో ఊరే పేరుగా మిగిలింది.

ఇప్పుడు ఆ చిత్తూరుకూ మనకూ ఉన్న చుట్టరికం చూడండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మన తిరుత్తణి తాలూకా అందులోదే. కోర్టు పని పడినా, కలెక్టరు కచేరీలో అర్జీ పెట్టుకోవాలన్నా మన తాతలు చిత్తూరు వెళ్ళవలసిందే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి ఆ రాష్ట్రంలో ఉంది. సరిహద్దు కోసం పెద్ద ఆందోళన సాగింది. ఆ తర్వాత 1959 నాటి చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలో చేరింది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల నుంచి సత్యవేడు వైపు గ్రామాలు అటు వెళ్ళాయి. తిరువళ్ళూరు జిల్లా అయిందేమో 1997లో. గీత అటూ ఇటూ జరిగింది కాని, ఊళ్ళు ఉన్నచోటనే ఉన్నాయి. నాగయ్యగారు చిత్తూరులో రంగం మీద పాడుతున్న రోజుల్లో మన తిరుత్తణి వాళ్ళకు ఆయన జిల్లా కేంద్రంలోని గాయకుడు. మన సొంత జిల్లా మనిషి.

ఆ కాలంలో రంగస్థలం ఎలా ఉండేదో ఈ తరం వాళ్ళకు కొంచెం విడమరిచి చెప్పాలి. అప్పటి నాటకమంటే పాటల నాటకం, పద్యాల నాటకం. మైకు లేదు. వెలుతురుకు పెట్రోమాక్సు దీపాలు. రంగం పక్కన హార్మోనియం, తబలా. పాత్రధారి తెర తొలగగానే ముందు శ్రుతి అందుకోవాలి. మాటలో మాటగా పద్యం ఎత్తుకోవాలి. పద్యం నాలుగు పాదాలే. కాని చివరి పాదం దగ్గర రాగం సాగదీసి, గమకాలు వేసి, గాలిలో నిలబెట్టాలి. అది నచ్చితే జనం "వన్స్‌మోర్" అని కేకవేస్తారు. చనిపోతున్న పాత్రధారి కూడా లేచి కూర్చుని అదే పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడుకుని చనిపోయేవాడు. ఇది వేళాకోళానికి చెప్పడం లేదు. ఆనాటి జనానికి కథ ముందే తెలుసు. హరిశ్చంద్రుడు కాటికాపరి అవుతాడని, సారంగధరుడికి కాళ్ళూ చేతులూ నరికిస్తారని పసివాడికీ తెలుసు. తెలిసిన కథను ఈ గొంతు ఎలా చెబుతుందో వినడానికే వాళ్ళు రాత్రంతా చాపల మీద కూర్చునేవారు.

ఏ పద్యానికి ఏ రాగం అన్నదానికి కూడా ఒక లెక్క ఉండేది. సంతోషానికి మోహన, బిలహరి. నిండుదనానికి కాంభోజి. దుఃఖానికి ముఖారి. మైకు లేదు కనుక హెచ్చు శ్రుతిలో పాడవలసి వచ్చేది. చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చున్న ముసలాయనకు కూడా అక్షరం తెలియాలి. అందువల్ల గట్టిగా పాడగలగడమే మొదటి అర్హత అయింది. పోను పోను భావం తగ్గి, గొంతు మిగిలింది. మంచి గొంతులు పోటీలు పడ్డాయి. ఏడవవలసిన చోట కూడా పాత్ర ఏడవడం మాని గమకాలు చూపించింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాగయ్యగారు చేసిన పని అర్థం కావడానికి ఇది అవసరం.

ఈ రంగస్థలం ఒక్క భాషది కాదు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు సరసవినోదిని సభ పెట్టి తెలుగు నాటకాలు ఆడించారు. ఆ సభవారు మద్రాసు వచ్చి ప్రదర్శనలు ఇస్తే అవి చూసి ఉత్సాహపడిన ఒక తమిళ యువకుడు 1891లో సుగుణ విలాస సభ స్థాపించాడు. ఆయనే పమ్మల్ సంబంధ ముదలియార్. ఆధునిక తమిళ నాటకానికి తండ్రిలాంటివాడని తమిళులు ఆయన్ని గౌరవిస్తారు. అంటే తెలుగు నాటకం చూసి తమిళ సభ పుట్టింది. సారంగధరుడి కథ తెలుగులోనూ ఆడింది, తమిళంలోనూ ఆడింది. మన తిరుత్తణి కొండమీది వల్లీ దేవసేనల స్వామి కథను శంకరదాస్ స్వామిగళ్ 'వళ్ళి తిరుమణం' నాటకంగా రాస్తే అది తమిళ పల్లెల్లో నేటికీ తిరునాళ్ళలో ఆడుతూనే ఉంది. హార్మోనియం మెట్లకు తెలుగు, తమిళం అనే భేదం తెలియదు.

చిత్తూరులో రామవిలాస సభ అనే నాటక సమాజం ఉండేది. నాగయ్యగారు పేరు తెచ్చుకున్నది అందులోనే. ఆయనకు కర్ణాటక సంగీతంలో శిక్షణ ఉంది. పొట్టకూటికి కొన్నాళ్ళు ప్రభుత్వ కచేరీలో గుమాస్తాగా పనిచేశారు. కొన్నాళ్ళు ఆంధ్రపత్రికలో విలేఖరిగా ఉన్నారు. గాంధీగారి పిలుపుతో దేశమంతా కదిలిన రోజుల్లో జాతీయోద్యమంలోకి వెళ్ళారు. గ్రామఫోను రికార్డులకు పాడారు. ఇవన్నీ విడివిడి పనుల్లా కనిపిస్తాయి. కాని గుమాస్తాగిరి, విలేఖరి పని మనుషుల్ని దగ్గరగా చూడడం నేర్పుతాయి. ఉద్యమం ఓర్పు నేర్పుతుంది. రంగస్థలం శ్రుతి నేర్పుతుంది. నలభై ఏళ్ళు నిండకముందే ముసలి భక్తుల వేషాలు వేసి మెప్పించగలిగిన మనిషి వెనుక ఇంత బతుకు ఉంది.

ఇంతలో మాట్లాడే సినిమా వచ్చింది. 1931 అక్టోబరులో విడుదలైన 'కాళిదాస్' దక్షిణాదిలో మొదటి టాకీ. హెచ్.ఎం. రెడ్డిగారు దానికి దర్శకులు. అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే, నాయకుడు తెలుగులో జవాబు చెప్పాడు! దేశంలో మిగిలినవాళ్ళకు అది వింత కావచ్చు. మనకేం వింత? మన సంతలో రోజూ జరిగే బేరం అదే కదా. మరుసటి ఏడాది 1932లో అదే రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' పూర్తి తెలుగు టాకీగా వచ్చింది. నాటకాల వాళ్ళంతా సినిమాల వైపు నడిచారు. కాని చాలామంది నాటకాన్ని కూడా మోసుకుని వెళ్ళారు. ఎదురుగా రెండు బారల దూరంలో మైకు ఉన్నా, గోడకు ఆనుకున్న ముసలాయన కోసమే పాడారు.

1938లో హెచ్.ఎం. రెడ్డిగారి 'గృహలక్ష్మి'తో నాగయ్యగారు సినిమాలోకి వచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్ళు. సంఘ సంస్కర్త వేషం. ఆయన చేసిన పని ఒకటుంది. చెప్పడానికి చిన్నది, చేయడానికి పెద్దది. గొంతు తగ్గించారు. మైకు అనేది చెవి లాంటిదని, చెవి దగ్గర కేక వెయ్యకూడదని ఆయన గ్రహించారు. శ్రుతి దించారు. గమకం ఎంత అవసరమో అంతే వేశారు. మాటను మాటలాగే ఉంచి దానికి రాగం తొడిగారు. ఆయన పాడుతుంటే ఒక పెద్దమనిషి మన పక్కన అరుగు మీద కూర్చుని తన గోడు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది. తెలుగు సినిమా పాటకు ఆ సౌమ్యత అలవాటు చేసినవారిలో ఆయనే ముందు వరసలో ఉంటారు. నాటకం నేర్పిన శ్రుతిశుద్ధిని ఆయన విడిచిపెట్టలేదు. నాటకానికి పట్టిన గొంతు పోటీని మాత్రం విడిచిపెట్టారు. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్న ఈ వివేకమే ఆయన కళ మొత్తానికి తాళంచెవి అని నా అభిప్రాయం.

ఆ తరువాత బి.ఎన్. రెడ్డిగారి వాహినీ సంస్థలో ఆయనకు సరైన చోటు దొరికింది. 1939లో 'వందేమాతరం', 1940లో 'సుమంగళి', 1941లో 'దేవత'. ఈ మూడింటిలోనూ వేషం వేయడమే కాక సంగీతం కూడా ఆయనే చేశారు. 'సుమంగళి'లో వీరేశలింగం పంతులుగారి స్ఫూర్తితో మలచిన ముసలి పంతులు వేషం. అప్పటికి ఆయన వయస్సు ముప్పై ఆరు! కె.వి. రెడ్డిగారు మొదటిసారి దర్శకత్వం వహించిన 'భక్త పోతన'లో పోతన అయ్యారు. ఆ సినిమా తర్వాత పోతన అంటే తెలుగువాళ్ళ కళ్ళముందు నాగయ్యగారి ముఖమే నిలిచిపోయింది. 1947లో 'యోగి వేమన' వచ్చింది. భోగి అయిన వేమన యోగిగా మారే దారిని ఆయన కళ్ళతో, గొంతుతో చూపించారు. మా పిల్లలకు నేను చూపించాలనుకున్న సినిమా అదే.

సంగీత దర్శకుడిగా ఆయన గుణం ఒకటి చెప్పాలి. 1945లో బి.ఎన్. రెడ్డిగారి 'స్వర్గసీమ'కు సంగీతం చేసినవారిలో నాగయ్యగారు ఒకరు. అందులో భానుమతిగారి పాటలు ఊళ్ళన్నీ తిరిగాయి. అందులోనే అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని ఒక యువకుడు భానుమతిగారితో కలిసి పాడాడు. ఆ యువకుడే ఘంటసాల వెంకటేశ్వరరావు. తానే పాడగల మనిషి, తానే పేరున్న గాయకుడు, ఇంకొకరి గొంతుకు చోటు ఇవ్వడం అంత తేలిక కాదు. కళారంగంలో అసూయ ఎంత సహజమో మీకు నేను చెప్పక్కరలేదు.

ఇక 1946 నాటి 'త్యాగయ్య'. నిర్మాత, దర్శకుడు, నటుడు, సంగీతకర్త అన్నీ ఆయనే. నాటకశాలలో నేర్చిన విద్య అంతా ఇక్కడ ఒక్కచోట కూడింది. త్యాగరాజస్వామి జీవితం తీయాలంటే పెద్ద చిక్కు ఒకటుంది. ఆయన జీవితంలో యుద్ధాలు లేవు, రాజ్యాలు లేవు. ఉన్నదల్లా కృతులు. కృతి తర్వాత కృతి పాడుకుంటూ పోతే అది కచేరీ అవుతుంది కాని కథ కాదు. నాగయ్యగారు ఒక దారి పట్టారు. కృతిని జీవితంలోని సంఘటన నుంచి పుట్టించారు. మనసుకు ఒక కష్టం వస్తుంది, ఆ కష్టం మాట అవుతుంది, మాట కృతి అవుతుంది. పాత నాటకంలో మాటలోంచి పద్యం పుట్టినట్టే. కాకపోతే ఇక్కడ "వన్స్‌మోర్" లేదు. పాట అయిపోగానే కథ ముందుకు నడుస్తుంది. తంజావూరు నేల మీద బతికి, తెలుగులో పాడి, తమిళుల పూజలందుకున్న మహానుభావుడు త్యాగయ్య. ఆయన వేషం వేయడానికి సరిహద్దు జిల్లా రంగస్థలం నుంచి వచ్చిన మనిషికంటే తగినవారెవరు? ఆ సినిమాను తెలుగువారే కాదు, తమిళులూ ఆదరించారు. మా తాత ఆ సినిమాను టూరింగ్ టాకీసులో ఇసుకలో కూర్చుని చూశానని చెప్పేవాడు. పక్కన కూర్చున్న తమిళ మేస్త్రికి మాటలు అర్థం కాకపోయినా కండువా తీసి కళ్ళు తుడుచుకున్నాడట.

తమిళంలో నాగయ్యగారు అతిథి కాదు, ఇంటివారే. 1941లో 'అశోక్ కుమార్'లో ఎం.కె. త్యాగరాజ భాగవతార్ రాజకుమారుడు కునాలుడైతే, నాగయ్యగారు తండ్రి అశోకచక్రవర్తి. సవతితల్లి నింద, కొడుక్కి శిక్ష, తండ్రి పశ్చాత్తాపం. మన సారంగధరుడి కథకు అది అక్కచెల్లెలు లాంటి కథ. ఆ రంగం తెలిసిన మనిషికి ఆ వేషం పరాయిది కాదు. 1945లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు మీరాగా నటించిన తమిళ 'మీరా'లో నాగయ్యగారు మేవాడు రాణా. రాజపుత్రుల చిత్తోడు కోటకు మన చిత్తూరు మనిషి రాజు కావడం చిత్రమైన కలయిక. 1950లో విక్టర్ హ్యూగో నవల ఆధారంగా 'ఏళై పడుమ్ పాడు' తమిళంలో, 'బీదలపాట్లు' తెలుగులో వచ్చాయి. ఆకలికి దొంగతనం చేసి జైలుకు వెళ్ళి, తర్వాత పుణ్యాత్ముడైన మనిషి వేషం ఆయనది. ఆయన్ని వెంటాడే పోలీసు అధికారిగా వేసిన సీతారామన్‌కు ఆ పాత్రపేరే ఇంటిపేరై 'జావర్ సీతారామన్' అయ్యాడు. 1953లో నాగయ్యగారు తన దర్శకత్వంలో తెలుగులో 'నా ఇల్లు', తమిళంలో 'ఎన్ వీడు' తీశారు. పేరు చూడండి. ఇల్లు ఒకటే, పేర్లు రెండు. మనలాంటివాళ్ళం రోజూ చెప్పే మాట కూడా అదే కదా.

శ్రోతలారా, ఇంతవరకు చెప్పింది వెలుతురు. నీడ కూడా చెప్పకపోతే ఈ స్మరణ సగమే అవుతుంది.

ఒక కాలంలో నాగయ్యగారు దక్షిణాదిలో ఎక్కువ పారితోషికం అందుకున్న నటుల్లో ఒకరు. ఆ డబ్బు ఆయన దగ్గర నిలవలేదు. అడిగినవారికి లేదనలేదు. మద్రాసులో ఆయన ఇంటి తలుపు తీసే ఉండేది. వేషాల కోసం వచ్చినవాళ్ళు, చదువుకోసం వచ్చినవాళ్ళు, ఏ పనీ లేకుండా వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో భోజనం చేసి వెళ్ళారు. సొంత చిత్రాల నిర్మాణం ఆర్థికంగా కుంగదీసింది. 'భక్త రామదాసు' సినిమాను ఎంతో కష్టపడి, ఏళ్ళ తరబడి తీసి 1964లో విడుదల చేశారు. భద్రాచలం గుడి కోసం చెరసాల పాలైన రామదాసు కథ తీస్తూ తానూ అప్పులపాలయ్యారు. 1965లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి రాష్ట్రపతి ఎవరో తెలుసు కదా? మన తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. ఒకనాటి మన జిల్లా రంగస్థల గాయకుడికి ఆ గౌరవం దక్కిన ఏడాది దేశపు అత్యున్నత పీఠం మీద ఉన్నది మన ఊరి బిడ్డ.

బిరుదు వచ్చింది కాని బతుకు సులువు కాలేదు. చివరి సంవత్సరాల్లో చిన్న చిన్న వేషాలు, చిన్న చిన్న మొత్తాలకు వేశారు. మా తరగతి అమ్మాయి అన్న కళ్ళనీళ్ళ తాత ఆ వేషాల్లోని నాగయ్యగారే. కొడుకులు విడిచిపెట్టిన తండ్రి, కూతురి పెళ్ళికి డబ్బు లేని తండ్రి. ఒక్కొక్కసారి రెండు నిమిషాలు కనిపించి మాయమయ్యే తండ్రి. ఆ రెండు నిమిషాల్లో కూడా ఆయన తూకం తప్పలేదు. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా జనం రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరు "ఆహా, ఎంత దాత!" అంటారు. కొందరు "లెక్కలు తెలియని మనిషి" అంటారు. అయ్యవారిని కనుక నాకు రెండో మాటలో కొంత నిజం కనిపిస్తుంది. పిల్లలకు దానగుణం చెప్పేటప్పుడు ఇంటి పద్దు రాయడం కూడా నేర్పాలి. కాని మూడో మాట ఒకటుంది. దాన్ని ఎవరూ అనరు. ఆయన ఇంట్లో తిన్నవాళ్ళు ఏమయ్యారు? ఆయన పాట విని కళ్ళు తుడుచుకున్న మనం ఏమయ్యాం? ఇచ్చినవాడి తప్పు వెతకడం తేలిక. పుచ్చుకున్నవాడి బాధ్యత అడగడం కష్టం.

ఈ ప్రశ్న నన్ను ఎందుకు పట్టుకుందో చెప్పి ముగిస్తాను. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక హార్మోనియం తాత ఉండేవాడు. నాటకాలకూ, భజనలకూ, తమిళవాళ్ళ కూత్తుకూ ఆయనే వాయించేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని నన్ను పిలిచి, "రా అబ్బోడా, ఒక్క పద్యం నేర్పిస్తా" అనేవాడు. నేను వెళ్ళేవాణ్ణి కాదు. పద్యం లాగి లాగి పాడడం నాకు నవ్వు తెప్పించేది. ఒకసారి తిరునాళ్ళలో రాత్రంతా వాయించినందుకు ఆయనకు ఇస్తామన్న డబ్బు ఇవ్వలేదు. రేపు రా, ఎల్లుండి రా అన్నారు. ఆయన వెళ్ళడం మానేశాడు. మరికొన్నాళ్ళకు హార్మోనియం అమ్ముకున్నాడు. నేను బి.ఇడి. చదువు ముగించుకుని ఊరికి వచ్చేసరికి ఆయన లేడు. ఇప్పుడు తరగతిలో పద్యం చెప్పేటప్పుడు రాగం ఎత్తుకోవాలని నోటిదాకా వస్తుంది. రాదు. నేర్పుతానని పిలిచినప్పుడు నేను వెళ్ళలేదు కనుక.

నాగయ్యగారిలాంటి మహాకళాకారుడికి మనం ఇప్పుడు చేయగలిగింది తక్కువ. చిత్తూరులో ఆయన పేరుతో నాగయ్య కళాక్షేత్రం ఉంది. చెన్నైకి వెళితే త్యాగరాయనగర్ పానగల్ పార్కులో ఆయన విగ్రహం కనిపిస్తుంది. అటువైపు బట్టల కొట్లకు వెళ్ళే మన ఊళ్ళవాళ్ళు ఒక్క నిమిషం ఆగి పిల్లలకు చూపించండి. అంతకంటే ముఖ్యమైన పనులు మన ఊళ్ళోనే ఉన్నాయి. మొదటిది, మన తిరునాళ్ళలో వాయించేవాళ్ళకు, పాడేవాళ్ళకు, కూత్తు ఆడేవాళ్ళకు మాట ఇచ్చిన డబ్బు ఆ తెల్లవారుజామునే చేతిలో పెట్టండి. అన్నం పెట్టి పంపండి. రెండవది, ఇంట్లో పెద్దవాళ్ళకు పద్యాలు వస్తే పిల్లల చేత ఒక్కటైనా నేర్పించండి. మన పిల్లలు బడిలో తమిళం బాగా చదువుకోవాలి, చదువుకుంటున్నారు. దాని పక్కనే ఇంటి తెలుగుకు ఒక పద్యమంత చోటు ఉండాలి. మూడవది, ఒక ఆదివారం నాడు ఇంటిల్లిపాదీ కూర్చుని 'త్యాగయ్య'నో, 'యోగి వేమన'నో చూడండి. చూస్తూ ఆయన ఎక్కడ గొంతు తగ్గించారో చెవిపెట్టి వినండి. ఎక్కడ గట్టిగా పాడగలిగీ పాడలేదో గమనించండి. అక్కడే ఆయన గొప్పతనం దొరుకుతుంది.

మా బడిలో నేను ఆ పని చేశాను. 'యోగి వేమన'లో కొంత భాగం పిల్లలకు చూపించాను. మొదట గుసగుసలు వినిపించాయి. తర్వాత తగ్గాయి. "నాగేషా సార్?" అన్న కుర్రాడు చివర్లో నా దగ్గరకు వచ్చి, "సార్, ఆయన పాడుతుంటే మాట్లాడినట్టే ఉంది సార్" అన్నాడు. వాడు ఇంట్లో తమిళం మాట్లాడేవాడు. ఇంత సేపు నేను మీకు చెప్పిందంతా వాడు ఒక్క మాటలో చెప్పేశాడు.

ఏటా డిసెంబరు 30 నాగయ్యగారి వర్ధంతి. ఆ మరునాడే, 31న, మన తిరుత్తణి కొండకు మెట్ల పండుగ. 365 మెట్లు, మెట్టుకొక పాట చొప్పున భక్తులు పాడుకుంటూ ఎక్కుతారు. ముత్తుస్వామి దీక్షితులవారికి మొదటి కృతి పలికింది ఈ కొండమీదనే అని సంప్రదాయం చెబుతుంది. పాటకు అలవాటుపడిన కొండ ఇది. వచ్చే ఏడు మీరు ఆ మెట్లు ఎక్కేటప్పుడు, ఏదో ఒక మెట్టు మీద, గొంతు తగ్గించి, మీకు వచ్చిన ఒక్క తెలుగు పద్యం పాడుకోండి. పక్కన ఉన్న పిల్లవాడికి వినబడితే చాలు.